పువ్వు చాటున

ఇంగ్లండులో జూన్ నెల వచ్చేసరికి పొలం గట్ల మీద, రైలు పట్టాల పక్కన, ఎవరూ నాటని చోట్ల ఎల్డర్ చెట్లు పూస్తాయి. చెట్టు అనడానికి చిన్నది, పొద అనడానికి పెద్దది. అరచెయ్యంత వెడల్పు గుత్తులు, ఒక్కో గుత్తిలో మిరియపు గింజంతేసి మీగడ రంగు పూలు వందల కొద్దీ ఉంటాయి. దగ్గరికి వెళితే మస్కట్ ద్రాక్ష వాసన, దాని వెనకే సన్నగా పచ్చి వాసన. ఇక్కడివాళ్లు ఈ పూలను నిమ్మకాయలతో కలిపి చక్కెర పాకంలో నానబెట్టి, సీసాల్లో నింపుకుంటారు. వేసవి పొడుగునా దాన్ని సోడాలో కలుపుకుంటారు, జిన్‌లో కలుపుకుంటారు, నురగలొచ్చే వైన్‌లో కలుపుకుంటారు. ఈ దేశంలో కాపురం పెట్టాక నాకు అబ్బిన ఇష్టాల్లో ఇదొకటి.

ఆ పాకం చేయడానికి ఒక పద్ధతి ఉంది. వాన పడిన రోజు పూలు కోయకూడదు. సువాసన చాలా మటుకు పుప్పొడిలోనే ఉంటుంది కనక, ఎండ కాసిన పొద్దుటిపూట, అప్పుడే విచ్చుకున్న గుత్తుల్ని ఎంచి కోయాలి. కడగకూడదు, పురుగుల్ని దులిపి ఊరుకోవాలి. కాడల్ని వీలైనంత వరకు తీసేయాలి, ఎందుకంటే ఈ చెట్టు ఆకుల్లో, కాడల్లో, పచ్చికాయల్లో కడుపులోకి వెళ్లాక సయనైడ్‌ను పుట్టించే పదార్థాలున్నాయి. 20 గుత్తులకు లీటరున్నర నీళ్లు, రెండు కిలోల చక్కెర, రెండు మూడు నిమ్మకాయలు, కాస్త నిమ్మ ఉప్పు. పాకం దించి, వేడి తగ్గాక పూలు ముంచి, మూత పెట్టి 24 గంటలు దాని మానాన దాన్ని వదిలేయాలి. ఆ తర్వాత పలచని గుడ్డలో వడకట్టుకోవాలి. మన చేతిపని తక్కువ, ఓపిక ఎక్కువ.

ఈ పనిలో పడ్డాక పూలూ ఆకులూ ఒక్కొక్కటే తమ స్వభావం చెప్పడం మొదలుపెట్టాయి. పుదీనా నూనె ఆకు పైన కంటికి ఆనని గ్రంథుల్లో ఉంటుంది. రెండు అరచేతుల మధ్య ఒకసారి చరిస్తే చాలు, గ్లాసంతా కమ్ముకుంటుంది. నూరితే మాత్రం ఆకులోని చేదంతా బయటికొస్తుంది. లావెండర్ చిటికెడు దాటిందా, తాగేవాడికి సబ్బు గుర్తొస్తుంది. మన పెరటి కంచెల మీద పాకే శంఖపుష్పానికి చెప్పుకోదగ్గ రుచేమీ లేదు, కానీ దాని నీలం కషాయంలో నిమ్మరసం పడగానే ఊదా రంగుకు తిరుగుతుంది. ఆ ఒక్క విన్యాసం కోసం బార్లలో దానికి పెద్దపీట వేస్తున్నారు. 2005లో ఇటలీ ఉత్తరపు కొండల్లోని నటుర్నో అనే ఊళ్లో రోలండ్ గ్రూబర్ అనే బార్ నిర్వాహకుడు హ్యూగో అనే పానీయం తయారుచేశాడు. మొదట అందులో కలిపింది నిమ్మవాసన వచ్చే మెలిస్సా ఆకు పాకం. ఆ స్థానంలోకి ఎల్డర్ పూల పాకం వచ్చాకే అది యూరప్ అంతా పాకింది. ఒక పానీయానికి పేరు తెచ్చిపెట్టింది అందులో కలిపిన పువ్వన్నమాట.

ఇవన్నీ చదువుతూ, చేస్తూ, పోస్తూ నాకు తెలియకుండానే ఒక అభిప్రాయానికి వచ్చి ఉన్నాను. మొరటు మనిషికి మర్యాద నేర్పినట్టు, మందుకు పువ్వు మర్యాద నేర్పుతుందని. నేను తాగేది తక్కువ. పోయడంలో ఉన్న ఆనందం తాగడంలో లేదు నాకు. కానీ నా చేత్తో చేసిన పాకం కలిసిన గ్లాసు పట్టుకుని ఎవరైనా ఒక్క క్షణం కళ్లు మూసుకుంటే, వంట మెచ్చుకున్నంత తృప్తిగా ఉండేది.

పెద్దమ్మ మా ఇంటికి వచ్చింది అలాంటి ఒక జూన్‌లోనే. నెల్లూరు జిల్లాలో ఉదయగిరి వైపు పల్లె ఆమెది. ఎండాకాలపు పానీయాల గురించి ఆమెకు ఎవరూ చెప్పాల్సింది లేదు. సుగంధిపాల వేళ్లు దంచి, వేణ్ణీళ్లలో రాత్రంతా నానబెట్టి, పాకంలో కలిపి చేసే షర్బత్తు. వట్టివేళ్లు వేసిన కుండనీళ్లు. సబ్జా గింజలు తేలే నిమ్మరసం. శ్రీరామనవమికి మిరియాలూ యాలకులూ శొంఠీ వేసిన పానకం. ఇవన్నీ కొలతలు అక్కర్లేకుండా ఆమె చేతికి వచ్చిన పనులు. ఎల్డర్ గుత్తిని ముక్కు దగ్గర పెట్టుకుని, "ద్రాక్షపండ్ల వాసన గదే!" అంది. కడగొద్దని నేను చెప్పకముందే పాత చీర ముక్క పరిచి పూలు దులపడానికి కూర్చుంది. పాకం ఇంకా పొయ్యి మీద ఉండగా నేను గిన్నె దగ్గరికి పూలు తెస్తుంటే, "ఆరనీ అమ్మాయ్. పొయ్యి మీద ఉండంగా వేస్తే వాసన వీధిలో వాళ్లకే గానీ మనకుండదు," అంది. ఎన్నడూ చూడని పువ్వు, ఎన్నడూ రాని దేశం. అయినా వంటింట్లో ఆమె పరాయిగా లేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం పెరట్లో స్నేహితులు కూడారు. ఎప్పటిలాగే రెండు జగ్గులు సిద్ధం చేశాను. రెండింట్లోనూ అదే పూల పాకం, నిమ్మరసం, పుదీనా, మంచుముక్కలు, సోడా. ఒకదాంట్లో జిన్ ఉంది. ఆనవాలు కోసం దాని మీద బోరేజ్ నీలిపూలు తేలేశాను. కారు నడపాల్సినవాళ్లు, నమాజు చేసుకునేవాళ్లు, నెలతప్పిన ఒక అమ్మాయి, వీళ్లంతా పూలు లేని జగ్గు వైపు. పెద్దమ్మా అందులోంచే తాగింది. బాగుందని ఇంకో అరగ్లాసు పోయించుకుంది. తర్వాత నీలిపూల జగ్గు చూపించి, "అందులో ఏందే, మందా?" అని అడిగింది. అవునన్నాను. కోపం రాలేదు ఆమెకు. ఒక గ్లాసులో కొంచెం పోసి ఇమ్మంది. తాగడానికి కాదు. ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది, దించి, మళ్లీ చూసింది.

"మందు వాసనే రావడం లేదే. ఇంత తియ్యగా, ఇంత చల్లగా ఉంటే తాగే మనిషికి ఎట్టా తెలస్తాదే, ఎంత పోయిందో లోపలికి?"

అంతే. గ్లాసు నా చేతికిచ్చి, పక్కింటి పిల్లవాడికి పండ్లముక్కలు తినిపించడానికి వెళ్లిపోయింది. ఉపదేశం ఏమీ లేదు. అడిగింది, వదిలేసింది. నాకు మాత్రం ఆ ప్రశ్న వదల్లేదు.

ఆమె ఆ ప్రశ్న ఎక్కడి నుంచి తెచ్చుకుందో నాకు తెలుసు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత తరగతులు జరిగాయి. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట లాంతరు వెలుగులో పాఠాలు చదివారు. వాటిల్లో సారా గురించిన పాఠమూ ఉంది. దూబగుంట ఆడవాళ్లు తమ ఊరి సారా దుకాణాన్ని మూయించారు. 1992 నాటికి ఆ ఉద్యమం ఊరూరికీ పాకింది. సారా వేలంపాటల్ని అడ్డుకున్నారు, దుకాణాల ముందు బైఠాయించారు. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, రెండేళ్లకే సడలిపోయింది. చరిత్ర పుస్తకాల్లో ఇది కొన్ని వాక్యాలు. పెద్దమ్మకు మాత్రం రోడ్డు మీద కూర్చున్న రాత్రులు. వాటి గురించి ఆమె గొప్పగా చెప్పుకోగా నేనెప్పుడూ వినలేదు. అడిగితే, "ఏం జేస్తాం, కూలి డబ్బులు ఇంటికి రావాల గదా," అనేది.

కానీ ఆమె అడిగిన ప్రశ్నలో ఉద్యమం లేదు. ఉన్నది వంట తెలిసిన మనిషి గమనిక. సారా ఘాటు. అది గొంతులో దిగుతూనే తానేమిటో చెబుతుంది. వీధి చివర్నుంచే దాని వాసన ఇంట్లోవాళ్లకు హెచ్చరికగా వస్తుంది. నేను కలిపిన గ్లాసు ఏమీ చెప్పదు. ఎందుకు చెప్పదో ఆలోచిస్తే, నేను ఇష్టంగా నేర్చుకున్న ఒక్కో మెళకువా అందులో భాగంగానే కనిపించింది. తీపి మందులోని చేదును కప్పుతుంది. మంచు ఆవిరయ్యే వాసనల్ని అణచి, ముక్కుకు అందనివ్వదు. నిమ్మపులుపు నాలుకను తన వైపు తిప్పుకుంటుంది. వీటన్నిటి పైన పువ్వు తన పరిమళంతో మిగిలిన ఖాళీని నింపేస్తుంది. రుచికి రుచి కుదరడమంటే ఇదే. ఒకదాని మాటున ఇంకొకటి దాగడమన్నా ఇదే. ఏది ఎక్కడ ఆగి రెండోది మొదలవుతుందో గీత గీయడం నాకు సాధ్యం కాలేదు.

లెక్క మాత్రం మారదు. బ్రిటన్‌లో 40 శాతం ఆల్కహాలున్న జిన్ 25 మిల్లీలీటర్లను ఒక యూనిట్‌గా లెక్కిస్తారు. వారానికి 14 యూనిట్లు దాటకపోవడం మంచిదని ఇక్కడి వైద్యాధికారులు 2016లో చెప్పారు. అసలు ఎంత తాగినా పూర్తిగా క్షేమమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. పువ్వు కలిపినంత మాత్రాన ఆ 25 మిల్లీలీటర్లు 20 కావు. కాలేయానికి పరిమళం తెలియదు.

ఇంకా లోతుకు వెళితే మరో ప్రశ్న ఎదురైంది. అది కాస్త ఇబ్బంది పెట్టేది. మందు పేదవాడి గ్లాసులో ఉంటే దాన్ని వ్యసనమంటాం. మన గ్లాసులో ఉంటే అభిరుచి అంటాం. ఈ తేడాలో ఎంత భాగం ద్రవానిది, ఎంత భాగం గ్లాసుది? ఆదిలాబాద్ అడవుల్లో ఇప్పచెట్టు కింద వేకువనే రాలిన పూలను ఏరి, ఎండబెట్టి, తిండికీ వాడతారు, సారా కాయడానికీ వాడతారు, దేవుడికీ పెడతారు. అది కూడా పువ్వే. ఆ మాటకొస్తే ఆ సారా మొత్తం పువ్వులోంచే వచ్చినది. దాన్ని నాటుసారా అని ముక్కు మూసుకునే మనమే, కొండల మీది పూలతో ఫ్రాన్సులో చేసి అందమైన సీసాలో పోసిన లిక్కర్‌ను బహుమతిగా అందుకుని మురిసిపోతాం. మన మర్యాదలో పువ్వు పాలు ఎంత, ధర పాలు ఎంత అని నన్ను నేను అడుక్కున్నాను. జవాబు చెప్పుకోవడం సుఖంగా లేదు.

అలాగని రెండో జగ్గును పారబోసి, పెద్దమ్మ మాటే వేదమని తీర్మానించుకుంటే నిజాయితీగా ఉంటుందా? అదీ తోచలేదు. ఆల్కహాలుకూ మూలికలకూ ఉన్న స్నేహం మోసంతో మొదలైంది కాదు. నీటిలో కరగని పరిమళ తైలాలు ఆల్కహాలులో కరుగుతాయి. అందుకే దేశదేశాల వైద్యులు మూలికల సారాన్ని దాంట్లోకి దించారు. ఫ్రాన్సులో కార్తూజియన్ సన్యాసులు నేటికీ 130 మొక్కలతో షార్ట్రూజ్ అనే లిక్కర్ చేస్తున్నారు. అదీ మొదట ఔషధంగానే పుట్టింది. మన ఆయుర్వేదంలో ఆసవాలూ అరిష్టాలూ ఉన్నాయి. బెల్లం వేసిన కషాయంలో ధాతకీ పువ్వులు కలిపి పులియబెడతారు. పులియడానికి ఆ పువ్వే సాయపడుతుంది. అలా పులియడంలోంచి పుట్టిన కొద్దిపాటి ఆల్కహాలు మూలికల గుణాన్ని పట్టి ఉంచి, పాడవకుండా కాపాడుతుంది. అందులో ఎంత శాతం ఉందో సీసా మీద అచ్చువేసి ఉంటుంది.

ఒక సాయంత్రం గ్లాసులు కడుగుతూ ఆ సంగతి ఎత్తాను. "పెద్దమ్మా, బాలింతప్పుడు నువ్వు దశమూలారిష్టం తాగలేదా? అందులోనూ ఉంటుందిగా కొంచెం."

ఆమె నవ్వింది. "ఉంటాదిలే, తెలుసు. మా అమ్మ మూతతో కొలిచి, అన్ని నీళ్లు కలిపి, అన్నం తిన్నాక పోసేది. సీసా నా చేతికిచ్చిందా ఏంది?"

నేను పట్టుకోలేక తిరుగుతున్న కొస ఆ మాటతో అందింది. ఆమెకు అభ్యంతరం తీపి మీద కాదు, పువ్వు మీద కాదు, చివరికి ఆ నాలుగు చుక్కల ఆల్కహాలు మీద కూడా పూర్తిగా కాదు. ఎంత పోస్తున్నారో పోసేవాళ్లకూ తాగేవాళ్లకూ ఇద్దరికీ తెలిసి ఉండి, కొలిచే మూత ఒకటి నడుమ ఉంటే, ఆమె లెక్కలో అది ఔషధం. ఆ మూత లేకుండా, ఎంతన్నది చెప్పకుండా, కమ్మగా పోస్తూ పోతే పేరు ఏదైనా అది సారానే. సీసా అదే, అందులోని ద్రవమూ అదే. తేడా అంతా పోసే చేతిలో ఉంది.

ఇలా చూస్తే నేను జగ్గులో ముందే కలిపి పెట్టడంలో ఉన్న చిక్కు అర్థమైంది. జగ్గు అందరికీ ఒకే కొలత నిర్ణయిస్తుంది, అదెంతో ఎవరికీ చెప్పదు. గ్లాసు ఖాళీ అయితే మర్యాదకొద్దీ మళ్లీ నింపుతాం. మన ఇళ్లలో వద్దన్నా వడ్డించడం ప్రేమకు గుర్తు. అన్నం దగ్గర ఆ ప్రేమకు హద్దును కడుపు చెబుతుంది. పూలతో చల్లబరిచిన గ్లాసు దగ్గర ఆ హద్దు చెప్పేది ఏదీ ఉండదు. చెప్పగలిగిన ఒక్క ఘాటునూ మనమే నేర్పుగా తీసేశాం కదా.

ఇప్పుడు మా ఇంట్లో పూల పాకం ఒకే జగ్గులో ఉంటుంది. అందులో జిన్ ఉండదు. ముందు దాన్ని ఒట్టిగా రుచి చూస్తాను; మందు తోడు లేకుండా అది నిలబడాలి. ఇదివరకు పాకం కొంచెం ఎక్కువ తీపైనా మందు సర్దుకుంటుందని ఊరుకునేదాన్ని. ఇప్పుడు అలా సర్దడానికి ఏదీ లేదు కనక చక్కెర తగ్గింది, నిమ్మ పెరిగింది, రోజ్‌మేరీ రెమ్మో తులసి ఆకో వచ్చి చేరింది. తులసి కొంచెం కారంగా ఉండి నాలుకను నిద్రపోనివ్వదు. కావాలన్నవాళ్లకు వాళ్ల ఎదుటే చిన్న కొలత గ్లాసుతో, ఎంతో చెప్పి పోస్తాను. వద్దన్నవాళ్లు తాగేది మిగిలినవాళ్లు తాగేదే. వాళ్లకంటూ వేరే జగ్గు, వేరే గుర్తు ఉండవు. తాగనివాళ్లు విందులో రెండో వరస మనుషులుగా మిగలకపోవడం ఇందులో నేను ఎదురుచూడకుండా వచ్చిన లాభం. పువ్వే విందు, మందు ఐచ్ఛికం అని పాఠం తిరగబడింది.

దీనితో అన్నీ తేలిపోయాయని అనుకోవడం లేదు. కొలత గ్లాసుతో ఆగగలిగిన అదృష్టం అందరిదీ కాదు. ఒకసారి మొదలుపెడితే ఆపలేని మనిషి ఉన్న ఇంట్లో ఒక మూత కూడా ఎక్కువే. అక్కడ సీసా లేకపోవడమొక్కటే మర్యాద. రోడ్డు మీద కూర్చున్న ఆ ఆడవాళ్లకు ఎదురైంది అలాంటి ఇళ్లే. వాళ్లకు మితం గురించి నేను చెప్పగలిగేది ఏమీ లేదు. వినవలసింది చాలా ఉంది. మన చుట్టూ కూర్చున్నవాళ్లలో ఎవరు ఆగగలరో, ఎవరు ఆగలేరో ముఖాలు చూసి చెప్పలేం కూడా. అందుకే వద్దన్నవాళ్లను ఎందుకని అడగడం మానేశాను. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పలేక ఎంతమంది ఇంతకాలం గ్లాసు పట్టుకుని కూర్చున్నారో అని ఇప్పుడనిపిస్తుంది.

కొత్త పద్ధతి స్నేహితులందరికీ నచ్చలేదు. వెనకటి జగ్గులో ఉన్న నునుపు ఇందులో లేదన్నారు ఒకరు. నిజమే, లేదు. గ్లాసు ఎత్తగానే జిన్ వాసన ఇప్పుడు కొంచెం ముందుగా తగులుతుంది, దాని వెనక పువ్వు వస్తుంది. రుచి పరంగా చూస్తే ఇది పాత గ్లాసు కన్నా ఒక మెట్టు కిందే కావచ్చు. కానీ చేదును, ఘాటును పూర్తిగా మాయం చేయగల నేర్పు మనకు ఉన్నప్పుడు, కొంచెం మిగల్చడం కూడా ఆ నేర్పులో భాగమేనేమో. తాగే మనిషికి తన చేతిలో ఏముందో తెలియడానికి ఆ కాస్త గరుకు అవసరం. నేను కలిపే గ్లాసు వరకు ఆ ఒక్క మెట్టు వదులుకోవడం నాకు నష్టంగా తోచడం లేదు.